బాబాయి డాలర్లు దాటిన ఆగస్టు

ఆగస్టు 2, శనివారం

ఈ ఉదయం బాబాయి చెవి కింద నల్లటి మరక కనిపించింది. మీసానికి రంగు వేసుకున్నాడు. ఆ చెయ్యే చెవి మీదకి పోయినట్టుంది. నేను చూసీ చూడనట్టు కాఫీ ఇచ్చాను. అవ్వ ఊరుకోలేదు, పేరు పెట్టి పిలిచింది.

"ఏమిరా సమాధానం, నిన్నటిదాకా నెరిసిన మీసం. తెల్లారేసరికి వయసు తిరిగొచ్చిందే!"

"ముత్తుకూరు ఎండమ్మా. మాడి నల్లబడింది."

"ఆ ఎండ చెవుల్ని కూడా వదల్లా."

బాబాయి చెవి తుడుచుకుంటూ బండెక్కాడు. మరక ఇంకా పెద్దదైంది.

ముత్తుకూరులో డెబోరా గారు ఉన్నారు. అక్కడి ఆసుపత్రిలో నర్సు. సెప్టెంబరు పదిన పెళ్ళి. పరాయి రొయ్యల గుంటల మీద జీతానికి పనిచేసే మనిషికి పిల్లనెట్లా ఇస్తామని వాళ్ళ నాన్న ఆండ్రూ గారు అడిగారట. అది న్యాయమేనని బాబాయి అన్నాడు. అందుకని ముత్తుకూరు అవతల ఒక రొయ్యల గుంట లీజుకి చూశాడు. కట్ట మీద రెండు గదుల ఇల్లు కూడా ఉంది. ఈ నెలాఖరుకి అడ్వాన్సు కట్టాలి. పెళ్ళయ్యాక ఇద్దరూ ఇక అక్కడే ఉంటారు.

అడ్వాన్సు డబ్బు బాబాయి ఫోనులో ఉంది. ఓడలో వంటవాడిగా పోయిన రెండేళ్ళలో, తోటి వంటవాడు ఎవరో జీతంలో కొంత డిజిటల్ డాలర్లుగా దాచుకోవడం నేర్పాడు. నా డిగ్రీ ఫీజులు పోగా మిగిలింది అక్కడ పడి ఉంది. ఇప్పుడు ఆ డాలర్లు ఉన్న విదేశీ ఎక్స్ఛేంజ్ నుంచి మెయిల్ వచ్చింది. ఇండియా ఖాతాలు ఈ నెలాఖరుకి మూసేస్తారట. ఈలోగా ఇంకో ఎక్స్ఛేంజికి మార్చుకోవాలి.

"నువ్వు చూడు తల్లీ" అని ఫోను నా చేతిలో పెట్టాడు. "జాగ్రత్తగా. తొందరేం లేదు."

తొందర ఉంది. కానీ జాగ్రత్త ముఖ్యం.


ఆగస్టు 3, ఆదివారం

పదిహేడో తారీఖు నుంచి మూడు ఆదివారాలు చర్చిలో పెళ్ళి ప్రకటన చదువుతారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమంటారు. ఇన్నేళ్ళలో ఎవరైనా చెప్పగా నేను వినలేదు.


ఆగస్టు 4, సోమవారం

రెండు ఎక్స్ఛేంజిల సహాయ పేజీలూ చదివాను. స్కూల్లో నాకు ఖాళీ పీరియడ్లు రెండున్నాయి, అవి సరిపోలేదు. ఇంటికొచ్చి చదివాను. మందుల పెట్టె మీది అక్షరాలు కూడా వదలని మనిషినని బాబాయి అందరికీ చెబుతాడు.

సాయంత్రం వసారాలో అడిగాడు. "నాకు అర్థమయ్యేట్టు చెప్పు. ఈడ్నించి ఆడికి పంపడమే గదా?"

"అడ్రస్ ఒక్కటే సరిపోదు బాబాయ్. నెట్‌వర్క్ కూడా రెండు వైపులా ఒకటే ఉండాలి."

"నెట్‌వర్క్ అంటే?"

"దారి. నువ్వు మన ఊరు కోట అని అడ్రస్ రాసి మూట రైల్లో వేశావనుకో. కోటలో రైలు ఆగదు కదా."

"ఆగడానికి ఈడ స్టేషనే లేదే."

"అదే. మూట ఎటో పోతుంది. మళ్ళీ రాదు. బస్సులోనే వెయ్యాలి."

కాసేపు ఆలోచించి, "మన డాలర్లు బస్సెక్కినాయా లేదా నువ్వే చూడు. నేను కండక్టర్నే తప్ప డ్రైవర్ని కాను" అన్నాడు.

పాత ఖాతాకి ఒక తాళం కూడా పెట్టాను. కొత్త అడ్రస్ ఏది చేర్చినా ఒక రోజంతా దానికి పంపడం కుదరదు. తప్పనిసరి కాదు. అయినా పెట్టాను. మంచిదే కదా.


ఆగస్టు 6, బుధవారం

కొత్త ఎక్స్ఛేంజిలో బాబాయి పేరుతో ఖాతా తెరవడానికి ఆధార్, పాన్ పంపాను. ఒకదాంట్లో ఇంటిపేరు ముందుంది, ఇంకోదాంట్లో వెనకుంది. తిప్పి పంపారు.

"ఈ తిప్పలెందుకు, నీ పేరు మీద తెరువు" అన్నాడు.

"కుదరదు బాబాయ్. పంపేదీ అందుకునేదీ ఒకే మనిషి అయ్యుండాలి."

"మనం ఒకటి గాదా?"

"మనకి ఒకటే. వాళ్ళకి కాదు."

"వాళ్ళకేం తెలుసు" అని అవ్వ లోపలి నుంచి అంది.


ఆగస్టు 8, శుక్రవారం

రెండు కాగితాలూ ఒకరివేనని రాసి పంపితే ఖాతా ఆమోదించారు. దాని అడ్రస్ చేర్చాను, తాళం ప్రకారం రేపే పంపవచ్చు. కానీ మోసాల గురించి ఇంకా చదవాల్సింది ఉంది. కొన్ని ఫోన్లలో మనం కాపీ చేసిన అడ్రస్ అతికించేటప్పటికి దొంగ అడ్రస్‌గా మారిపోతుందట. మొదటి అక్షరాలూ చివరి అక్షరాలూ చూసుకోవాలి.

బాబాయి అడగలేదు. నేనూ చెప్పలేదు.


ఆగస్టు 10, ఆదివారం

డెబోరా గారు వచ్చారు. మొదటిసారి.

నేను ఎలా ఊహించుకున్నానో ఇప్పుడు గుర్తులేదు. మనిషి పొడుగు. వాచీ మణికట్టు లోపలి వైపుకి కట్టుకుంటారు. పెద్దగా నవ్వుతారు. నవ్వితే మా ఇల్లు చిన్నదనిపించింది. అవ్వ మోకాలు నొక్కి చూసి, "ఈ గుజ్జు అరిగింది పెద్దమ్మా, ఇంక చర్చిలో మోకరించబాక, దేవుడేం అనుకోడు" అన్నారు. అవ్వ వెంటనే ఆమె మనిషైపోయింది.

వంటింట్లో నా పక్కన నిలబడి ఉల్లిపాయలు తరిగారు. నాకు కొత్తవాళ్ళ ముందు మాట రాదు. ఆమెకి అది తెలిసినట్టుంది, తనే మాట్లాడారు.

"మీ బాబాయి ప్రతిదానికీ మా అబీ, మా అబీ అంటా ఉంటాడు. మా అబీకి పుస్తకాలు ఇష్టం, మా అబీ చేపల పులుసులో చింతపండు తక్కువ వేస్తది. మొదట్లో విసుగొచ్చేది. ఎవురీ అబీ, మహారాణి, అనుకున్నా. ఇప్పుడు నాకే అలవాటైపోయింది. తను రాగానే అడుగుతా, అబీ ఏమనింది?"

నేను పొయ్యి మంట తగ్గించాను.

"నాకు మందుల చీటీలు తప్ప వేరే చదవడం రాదమ్మా" అన్నారు. "నువ్వొచ్చినప్పుడు ఏదన్నా చదివి వినిపించు. నైట్ డ్యూటీ చేసి పడుకున్నాక వింటా. నిద్రపోతే ఏమనుకోబాక."

ఆమె మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. కుదరలేదు. చింతపండు మాత్రం ఇవాళ కావాలనే ఎక్కువ వేశాను.

వెళ్ళేటప్పుడు గేటు దగ్గర బాబాయిని అడగడం వినిపించింది: "ఆ డాలర్ల సంగతేమైంది? గుంట ఓనరు ఇంకెవురితోనో మాట్లాడుతుండాడంట."

"అబీ చూస్తా ఉంది" అన్నాడు బాబాయి. అంతే అన్నాడు, ఇక ఏ దిగులూ లేనట్టు.


ఆగస్టు 12, మంగళవారం

గుడ్ ఫ్రైడే నాటకంలో బాబాయి వేసిన సైనికుడి వేషం ఫోటో దొరికింది. నవ్వుకున్నాను. ఇంక పని కాలేదు.


ఆగస్టు 13, బుధవారం

మొత్తం ఒకేసారి పంపకూడదు, ముందు కొంచెం పంపి చూడాలి అని అన్ని పేజీల్లోనూ ఉంది. ఇది బాబాయికి చెప్పనక్కరలేకపోయింది.

"అంతే గదా! గుంటలో సీడ్ వదిలేముందు మేం చేసేదీ అదే. గుంట నీళ్ళు బకెట్లో పట్టి, అందులో నాలుగు రొయ్య పిల్లల్ని వదులుతాం. తెల్లారి చూస్తాం. బతికుంటే నీళ్ళు మంచియ్యి. అప్పుడు లక్షలు వదులుతాం."

"చస్తే?"

"చస్తే ఇంక ఆ గుంటలో వదలం. ఎవురు చెప్పినా వదలం."

"ఎన్ని వెయ్యమంటావు?"

"చిటికెడు వెయ్యి. పోతే పోనీ."

రెండు డాలర్లు పంపాను. నెట్‌వర్క్ చూశాను. అడ్రస్ మొదలూ చివరా చూశాను. పాత ఖాతాలో వెళ్ళినట్టు చూపించింది. కొత్త ఖాతా తెరిచి చూద్దామంటే బాబాయి ఒప్పుకోలేదు. బకెట్ కదిలించకూడదట. తెల్లారేదాకా మూత తియ్యకూడదట.


ఆగస్టు 14, గురువారం

రాలేదు.

ఉదయం, మధ్యాహ్నం, స్కూలు నుంచి వచ్చాక చూశాను. పాత ఖాతాలో పోయాయి, కొత్త ఖాతాలో లేవు. బాబాయి నా భుజం మీదుగా చూశాడు. గుంట గట్టు మీద చచ్చిన పిల్లల్ని చూసే ముఖం పెట్టాడు.

"పాయె. ఆ నీళ్ళు పనికిరావు."

"ఎందుకు రాలేదో చూడాలి బాబాయ్."

"ఎందుకో తెలుసుకుని ఏం చేస్తాం? చచ్చినాయంటే చచ్చినాయే. ఇంక ఆడ వదిలేది లేదు. నువ్వు చెయ్యాల్సింది చేసినావు తల్లీ, నీ తప్పేం లేదు."

అవ్వ వచ్చి, "ఎవురు చచ్చిందిరా?" అంది.

"రెండు డాలర్లమ్మా."

"అంతేగా. వంట చెయ్యమంటావా, ఉపవాసమా?"

నాకు చాలా బాధగా ఉంది. సాయంత్రం పడుకుంటే బాగా నిద్ర పట్టింది.


ఆగస్టు 15, శుక్రవారం

స్కూల్లో జెండా వందనం. నన్ను మాట్లాడమన్నారు. గొంతు నొప్పి అన్నాను.


ఆగస్టు 17, ఆదివారం

మొదటి ప్రకటన. తలనొప్పి. చర్చికి వెళ్ళలేదు.


ఆగస్టు 19, మంగళవారం

బాబాయి మీసం కింద తెల్ల వెంట్రుకలు తిరిగొస్తున్నాయి. మళ్ళీ రంగు వెయ్యలేదు.

గుంట ఓనరు ఫోన్ చేశాడు. బాబాయి పెరట్లోకి పోయి మాట్లాడాడు. వచ్చాక చెప్పాడు, "నెలాఖరుదాకా చూస్తాడంట. ఆపైన ఇంకొకడికి. పోనీలే. వచ్చే ఏడు చూద్దాం. ఈడే ఉండిపోతే ఏమైంది, నీ చేతి కూడు తింటా."

"డెబోరా గారు?"

"ఆమె పెద్దమనిషి. ఆగమంటే ఆగుద్ది." ఫోను చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "ఇన్నాళ్ళు ఆగినామె."

రాత్రికి వంకాయ కూర చేశాను. బాబాయికి ఇష్టం. పళ్ళెంలో మిగిలింది. ఎప్పుడూ మిగల్చడు.

ఆ పేజీ ఇంకా చదవాలి. జమ కాకపోతే ఏం చెయ్యాలి అనే పేజీ. రేపు చదువుతాను.


ఆగస్టు 20, బుధవారం

పరీక్ష పేపర్లు దిద్దాను.


ఆగస్టు 21, గురువారం

పరీక్ష పేపర్లు.


ఆగస్టు 22, శుక్రవారం

పేపర్లు పక్కన పెట్టి రాస్తున్నాను.

స్కూలు నుంచి వచ్చేసరికి బాబాయి వసారాలో కూర్చుని ఉన్నాడు. ఫోను స్పీకర్లో ఉంది. అవతల మగ గొంతు, తీరికగా, మర్యాదగా మాట్లాడుతోంది.

"అడ్రస్ యాడ్ చేశారు కదా సార్. ఇప్పుడు విత్‌డ్రా నొక్కండి."

"నొక్కినా సార్. ఒక రోజు ఆగమంటా ఉంది."

"ఆ లాక్ ఎవరు పెట్టారు సార్?"

"మా పాప."

"తీసేయమనండి సార్. లాక్ తీస్తేనే బోనస్ వస్తుంది."

బాబాయి నన్ను చూసి సంతోషంగా చెయ్యి ఊపాడు. ఎవరని సైగ చేశాను. ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి చెప్పాడు. "రవి కుమార్ గారని, కంపెనీ మనిషి. ఫేస్‌బుక్‌లో గ్రూపు ఉంటే అందులో మన కష్టం రాసి నంబర్ పెట్టినా. ఆయనే ఫోన్ చేసినాడు. మొత్తం వాళ్ళ సేఫ్ వాలెట్లోకి పంపిస్తే, చచ్చిపోయిన రెండూ కలిపి, పైన వందకి ఇరవై ఎక్కువేసి తిప్పి పంపుతాడంట."

"ఇరవై ఎందుకిస్తాడు బాబాయ్?"

"సీడ్ కొంటే పొయ్యరా? లక్ష కొంటే ఇరవై వేలు ఎక్కువ పోస్తారు గదా, దారిలో చచ్చేవాటికని. ఇదీ అట్టాంటిదే."

నాకు కోపం రాలేదు. ఈ తీరంలో ఏ రైతుని అడిగినా అదే అంటాడు. పిల్లల్ని అమ్మే హేచరీ వాడు ఎక్కువ పొయ్యకపోతేనే ఇక్కడ అనుమానిస్తారు.

ఫోను తీసుకున్నాను. గ్యాస్ బుక్ చెయ్యడానికి కూడా నేను మనిషితో మాట్లాడను, మెసేజ్ పెడతాను.

"మీరు... ఏ కంపెనీ?" అన్నాను.

"మేడం, అకౌంట్ హోల్డర్‌కి ఇవ్వండి."

"ఆయన పంపరు."

"మేడం, మీరు చేసే ఆలస్యం వల్ల సార్ మొత్తం డబ్బు లాస్ అవుతారు. తర్వాత బాధ్యత మీదే."

అదొక్కటి అతను నిజమే చెప్పాడు.

"పంపరు" అన్నాను. "పంపరు, పంపరు" అని పెట్టేశాను.

"ఎవురే గట్టిగా అరిచింది?" అంది అవ్వ లోపలి నుంచి.

"అబీ అమ్మా."

"మన అబీనా?"

కోడ్ ఏమైనా చెప్పావా అని అడిగాను. "అడిగినాడు. చెప్పలా. నువ్వు తిడతావని." నేను ఎప్పుడూ తిట్టలేదు. ఆ అడ్రస్ తీసేశాను. పాస్‌వర్డ్ మార్చాను. పాస్‌వర్డ్ మారిస్తే ఖాతా ఒక రోజు బిగుసుకుపోతుందట. రేపంతా ఏమీ పంపడం కుదరదు.

ఆ తాళం లేకపోతే, నేను వచ్చేసరికి అంతా అయిపోయేది. ఆ తాళం నేను జాగ్రత్త కోసం పెట్టలేదేమో. అయినా ఆపింది.


ఆగస్టు 23, శనివారం

బాబాయి ఉదయం నుంచి నా వెనకే తిరిగాడు. నేను బట్టలు ఆరేస్తుంటే క్లిప్పులు అందించాడు. చివరికి చెప్పాడు.

"నిన్ను అడగాల్సింది. నీకు చెప్పకుండా చేసినా. ఈమధ్య ఆ మాటెత్తితే నువ్వు పక్కకి పోతుండావని..."

"పేపర్లు దిద్దుతున్నాను బాబాయ్."

"తెలుసు తల్లీ." ఒక క్లిప్పు చేతిలోనే తెరుస్తూ మూస్తూ ఉన్నాడు. "నువ్వు వద్దంటే వద్దు. ఇంకేం అడగను. డెబోరాకి నేను చెప్పుకుంటా."

ఎందుకు వద్దో అడగలేదు. ఎందుకో తనకి తెలుసా తెలియదా అన్నది కూడా నాకు తెలియనివ్వలేదు. మిగతా క్లిప్పులు నా చేతిలో పెట్టి గుంటకి పోయాడు.

నేను దుప్పటి ఆరేసి లోపలికి వచ్చి ఆ పేజీ చదివాను. వెతకాల్సిన పని కూడా లేదు. డబ్బు అందుకునే అడ్రస్ ఉన్న చోటే, దాని కిందే ఉంది. పది డాలర్లకి తక్కువ పంపితే ఖాతాలో జమ కాదు.

అంతే.

సాయంత్రం చెప్పాను. "నీళ్ళు మంచివే బాబాయ్. మనం వేసింది మరీ తక్కువ. పది లేనిదే వాళ్ళు లెక్కలోకి తీసుకోరు."

"అంటే బతికే ఉండాయా?"

"ఆ రెండూ పోయాయి. మిగతావి బతుకుతాయి."

"నిజంగానా?"

"నేను చదివాను."

అప్పుడు నమ్మాడు. నేను చదివానంటే చాలు ఆయనకి. ఈ నెలలో అన్నిటికంటే కష్టంగా అనిపించింది అది.


ఆగస్టు 24, ఆదివారం

రెండో ప్రకటన. ఖాతా తెరుచుకున్నట్టు మెయిల్ రావాలి కాబట్టి ఇంట్లోనే ఉన్నాను.

"ఆ మెయిలు ఫోనుకే గదా వచ్చేది, ఫోను చర్చికి రాదా?" అంది అవ్వ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ. జవాబు కోసం ఆగలేదు. బైబిలు చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.


ఆగస్టు 25, సోమవారం

పన్నెండు డాలర్లు పంపాను. బాబాయి కాఫీ చల్లారేలోగా కొత్త ఖాతాలో కనిపించాయి.

"ఈదుతుండాయి!" అన్నాడు.

మిగతావి వెంటనే పంపేద్దామన్నాను. వద్దు, బకెట్ రేపటిదాకా ఉంచాలి అన్నాడు. మొన్నటిదాకా ఆగమనే మాట నాది. ఇవాళ నేను తొందర పెడితే ఆయన ఆపాడు. పన్నెండు డాలర్లని వెళ్తూ వస్తూ చూసుకున్నాడు. బాగానే ఉన్నాయి.


ఆగస్టు 26, మంగళవారం

ఉదయం ముగ్గురం వసారాలో కూర్చున్నాం. బాబాయి స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నేను అడ్రస్ అతికించాను. మొదటి ఆరు అక్షరాలు నేను పైకి చదివితే, చివరి ఆరు బాబాయి చదివాడు. నెట్‌వర్క్ రెండు వైపులా ఒకటే. మొత్తం అంకె వేశాను. ఇంక వేరే యాప్‌లో వచ్చే కోడ్ కొట్టి నొక్కడమే.

"ప్రార్థన చెయ్యకుండానే?" అంది అవ్వ.

తల వంచుకున్నాం. అవ్వ మొదలుపెట్టింది. పరలోకమందున్న తండ్రికి మొదట సముద్రం గురించి వందనాలు చెప్పింది. తర్వాత బాబాయి ఎక్కిన ఓడ, ఆ ఓడ వంటగది, అందులో తోటి వంటవాడి ఆత్మ. కోడ్ అరనిమిషానికి ఒకసారి మారిపోతుంది. నేను ఒక కన్ను తెరిచి చూస్తున్నాను. అవ్వ ఆసుపత్రి రోగుల దగ్గరికి వచ్చేసరికి మూడోది కూడా పోయింది.

"అవ్వా, కోడ్..."

"దేవుడి దగ్గర కోడేందే? నోర్ముయ్." ఆపకుండా అదే గొంతుతో, "ఈ బిడ్డ ఓపికని కూడా ఆశీర్వదించు ప్రభువా" అంది.

బాబాయి భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వు ఆపుకుంటున్నాడు.

అవ్వ ఆమెన్ అనేసరికి తెర ఆరిపోయి, మళ్ళీ మొదటి నుంచి చెయ్యాల్సి వచ్చింది. అడ్రస్ మళ్ళీ అతికించాం. అక్షరాలు మళ్ళీ చదివాం. ఈసారి కోడ్ కొట్టాను. నొక్కడానికి బాబాయి వేలు పట్టుకుని నొక్కించాను. ఆయన డబ్బు కదా.

వెళ్ళాయి.

కొత్త ఖాతాలో ఇంకా పన్నెండే ఉంది. బాబాయి నా మోకాలి మీద చెయ్యి వేసి ఉంచాడు, చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే ఉంచినట్టు. జ్వరం ఇవాళ ఎవరిదో తెలియలేదు. అవ్వ వీధిలో చేపలామెని పిలిచి బేరం మొదలుపెట్టింది. ఆ బేరం తెగకముందే అంకె మారింది.

బాబాయి ఒక్కసారిగా లేచి, మళ్ళీ కూర్చుని, "అమ్మా, పెద్ద చేప తీసుకో" అన్నాడు.


ఆగస్టు 28, గురువారం

డాలర్లు అమ్మి రూపాయలు బ్యాంకుకి తెచ్చాం. అమ్మేటప్పుడే ఒక శాతం పన్ను పట్టుకున్నారు.

"ఒక్క శాతమేనా? దేవుడికే పది ఇస్తుండాం" అని బాబాయి నవ్వాడు.

అసలు పన్ను లెక్క ఏడాది చివర ఉంటుందని చెప్పాను. నవ్వు కొంచెం తగ్గింది.


ఆగస్టు 29, శుక్రవారం

అడ్వాన్సు కట్టడానికి బాబాయితో ముత్తుకూరు వెళ్ళాను. స్కూలుకి సెలవు పెట్టాను. ఎందుకు పెట్టానో, ఆయన వంద సార్లు ఒంటరిగా వెళ్ళిన దారే.

గుంటలోకి నీళ్ళు ఎక్కిస్తున్నారు. అవతల థర్మల్ ప్లాంటు గొట్టాల పొగ కనిపిస్తోంది. కట్ట మీద ఇంటికి ఒక గది సముద్రం వైపు ఉంది. డెబోరా గారు డ్యూటీ బట్టల్లోనే వచ్చి ఆ గది తలుపు తీశారు.

"ఇది నీది" అన్నారు.

"నేను కోటలోనే ఉంటాను కదండీ. స్కూలు, అవ్వ..."

"ఉండు. ఎవురు వద్దన్నారు? గది నీదంటుండా, నిన్ను రమ్మనడంలా." తర్వాత బాబాయి వినకుండా, "అబీ, నీకు భయమేసిందా?" అని అడిగారు.

ఆమె దేని గురించి అడిగారో చెప్పలేదు. నేను తలూపాను.

"నాక్కూడా" అన్నారు. "నలభై దగ్గరపడ్డాక కొత్త మనుషుల్లోకి రావడం. మీరు ముగ్గురూ కూర్చుని ఉంటే నేనేడ కూర్చోవాలో తెలియలా ఆరోజు. అందుకే ఉల్లిపాయలు తరిగినా."

నాకు నవ్వొచ్చింది. ఆమె ముందు నవ్వడం మొదటిసారి.


ఆగస్టు 31, ఆదివారం

మూడో ప్రకటన. వెళ్ళాను.

ఆడవాళ్ళ వైపు అవ్వ పక్కన కూర్చున్నాను. బాబాయి మగవాళ్ళ వైపు మూడో వరసలో ఉన్నాడు. రంగు మళ్ళీ వేశాడు, ఈసారి చక్కగా. పాస్టర్ గారు కళ్ళజోడు పెట్టుకుని చదివారు.

"కోట వాస్తవ్యులు, కీర్తిశేషులు యేసురత్నం గారి కుమారుడు సమాధానం గారికిని, ముత్తుకూరు వాస్తవ్యులు ఆండ్రూ గారి కుమార్తె డెబోరా గారికిని జరగబోవు పరిశుద్ధ వివాహమును గూర్చి ఇది మూడవ మరియు చివరి ప్రకటన. అభ్యంతరము గలవారు ఇప్పుడే తెలియజేయవలెను."

పాస్టర్ గారు కాగితం మీంచి తలెత్తి అందరి వైపూ చూశారు. బాబాయి వెనక్కి తిరిగాడు. చర్చిలో ఎవరూ అలా తిరగరు. అంతమందిలో నన్ను వెతుక్కుని చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను, లేదు అని. ఆయన ముందుకు తిరిగాడు. మెడ వెనక కాలర్ సర్దుకున్నాడు.

ఆరాధన అయ్యాక పాస్టర్ గారు మెట్ల మీద ఆపారు. పెళ్ళిరోజు పెళ్ళికొడుకు తరఫున ఎవరు నిలబడతారని అడిగారు. అన్నదమ్ములుగానీ మేనమామగానీ ఉన్నారా అని.

"మా అబీ ఉందయ్యా" అన్నాడు బాబాయి.

"ఆడపిల్లా?"

"మా అబీ" అన్నాడు మళ్ళీ, ఇంక ఎవరూ అక్కర్లేదన్నట్టు.

అందరి ముందు నిలబడాలి. పేరు పిలిస్తే పైకి జవాబు చెప్పాలి. నేను ఒప్పుకున్నాను.

యేసురత్నం గారి పేరు పాన్ కార్డు మీద చూడడమే తప్ప, నేను పైకి ఇవాళే మొదటిసారి విన్నాను. బాబాయి మాకు చుట్టం కాడు. నాకు ఏడేళ్ళప్పుడు, నాన్న పోయాక, మా గుంటకి కాపలా మనిషి కావాలని అవ్వ నలుగురికీ చెబితే వచ్చాడు. ఒక్క పంటకని వచ్చాడు.